ముందు సీటు

15 డిసెంబర్ 1944

కర్మలు నిన్నటితో అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు. ఆ సోమవారం ఏం జరిగిందో జరిగినట్టు రాసి పెట్టాలి. ఆలస్యమైతే నేనే మార్చుకుంటానేమో.

ఆదివారం సాయంత్రం నుంచి నా భార్య సుభద్రకు కడుపులో కుడివైపు నొప్పి. తెల్లవారేసరికి ఒళ్లు కాలిపోతోంది. పక్కింటి నరసప్ప ఐదింటికే ఎద్దుల్ని కట్టి బండి వాకిట్లో నిలబెట్టాడు. "పావగడ ఆసుపత్రికి పోదాం రా అయివారూ, మెత్తగా గడ్డి పరిచినా." ఎద్దుల్ని విప్పేయమన్నాను. బండి కుదుపులెందుకు, ఏడింటికి బస్సు ఉంది కదా అన్నాను.

బస్సు ఏడింటికే వచ్చింది. లోపలంతా వేరుశనగ మూటలు. ముందు సీటు ఖాళీ. "అది దొరదప్పా," అన్నాడు కండక్టరు బసప్ప. ఊరికి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఇంకా బంగళాలో స్నానం చేస్తున్నాడట. ఆయన రానిదే బస్సు కదలదు. మూటల మీద దుప్పటి వేసి ఆమెను పడుకోబెట్టాం. "ఇదో వచ్చేస్తాడు." ఎనిమిది. "ఇదో." తొమ్మిది. నరసప్ప కోసం మనిషిని పంపాను. బండి అప్పటికే ఎటో చేలకు పోయింది. పెట్రోలు దొరక్క బస్సు వెనక బిగించిన బొగ్గు పొయ్యి చల్లారితే మళ్లీ రాజేశారు... దొర పదకొండింటికి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు, ఎవరినీ తిట్టలేదు. కూర్చున్నాడు.

మిట్ట దగ్గర బస్సు ఎక్కలేకపోయింది. మగవాళ్లందరం దిగి తోశాం. నేనూ తోశాను. తిరిగి ఎక్కి చూస్తే ఆమె మూట తాడు పట్టుకుని ఉంది. వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

డాక్టరు ఒక్కటే అడిగాడు, ఎన్నింటికి బయలుదేరారని. పదకొండు అన్నాను. ఆయన చేతులు కడుక్కున్నాడు.

16 డిసెంబర్

బండి ఐదింటికి కదిలివుంటే పదకొండింటికి ఆసుపత్రిలో ఉండేవాళ్లం.

17 డిసెంబర్

ఈ ఊరికి ఆ బస్సును తెచ్చింది నేనే.

ఐదేళ్ల కిందట అర్జీ రాసింది నేను. ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించింది నేను. నూనె మిల్లు సావుకారు గంగాధరప్ప ముందుకు వచ్చాడు, ధైర్యం చేశాడు అనుకున్నాను. ఈ దారిలో ఆయనకు తప్ప మరెవరికీ పర్మిట్టు ఇవ్వవద్దని కూడా రాశాను. ఒక్కడి చేతిలో ఉంటే బాధ్యతగా నడుపుతాడని! బి.ఏ. చదివినవాడి తెలివి. చదువురాని నరసప్ప అప్పుడే అన్నాడు: "ఒకే గొడ్డుంటే అది చెప్పిందే దారి, అయివారూ."

18 డిసెంబర్

బడికి వెళ్లాను. పిల్లలు గోల చెయ్యలేదు. చేస్తే బాగుండేది.

20 డిసెంబర్

సావుకారు వచ్చాడు. అరుగు మీదే కూర్చున్నాడు. కాసేపు కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడేమో, అదే మరీ ఒళ్లు మండించింది.

"నేనేం జేయాలప్పా? బొగ్గు కావాలంటే దొర సంతకం. టైరు కావాలంటే దొర సంతకం. ఆయన్ను వదిలేసి పోతే రేపటికి బండి ఉండాదా?"

మరి బస్సులో మూటలు? అన్నాను.

"యుద్ధానికి నూనె కావాల. కాయలు మోయమన్నది ఆయనే."

ఎవరి మిల్లుకు?

"నా మిల్లుకే. తాలూకాలో ఇంకెవరికి ఉండాది మిల్లు?" సిగ్గేమీ లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు.

లేచేముందు అసలు సంగతి. నెలాఖరుకు పర్మిట్టు గడువు తీరుతుంది. తుమకూరు నుంచి పెద్ద అధికారి పావగడకు వచ్చి ఊళ్లవాళ్లను విచారిస్తాడట. "అర్జీ రాసింది మీరే. మీరు రెండు మంచి మాటలు చెప్తే చాలు. ఆయమ్మ పేరు బస్సు మీద రాయిస్తా. చిరకాలం ఉంటాది."

సరే అన్నాననుకుని పోయాడు. రేషన్లో దొరకని చక్కెర పొట్లం ఒకటి అరుగు మీద వదిలాడు. చీమలకు వదిలేశాను.

25 డిసెంబర్

రాయించాడు. నీలం మీద పసుపు, ముందూ వెనకా.

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె పేరు నలుగురిలో నేను పలకలేదు. నా పేరు ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పలకలేదు. ఈరోజు బస్సు ఆగేచోట విన్నాను.

"సుభద్ర వచ్చెనా?"

"యాడొచ్చె! దొర స్నానం అయినట్టు లేదు."

నవ్వులు. నన్ను చూసి ఒకామె నాలుక కరుచుకుంది. వాళ్లమీద కోపం లేదు. బస్సుకు పేరుంటే పేరుతోనే పిలుస్తారు.

26 డిసెంబర్

కంబళ్లు నేసే ఓబులమ్మ వచ్చింది. కొంగులో కాసిని అలసందలు తెచ్చింది.

"అయివారూ, పెద్ద దొర ముందర నువ్వేం చెప్తావో అని ఊరంతా భయపడతాండాది."

ఏం చెప్పమంటావు?

"ఆయమ్మ పోతే నేనూ ఏడ్చినా. కానీ బస్సు పోతే కంబళ్లు నెత్తిన పెట్టుకుని సంతకు నడవాల. నా మోకాళ్లు చూసినావా? నా కోడలు ఈ బస్సులోనే పోయి కాన్పయి వచ్చె. ఏందప్పా, అది అబద్ధమా?"

అబద్ధం కాదు. అబద్ధమైతే ఎంత సులువుగా ఉండేది!

సాయంత్రం బసప్ప ద్వారా కబురు: తన మీద ఫిర్యాదు వస్తే సావుకారు బస్సు తానే ఆపేస్తాడట. అంటే ఊరు మొత్తం నా మీద పడాలి. పైన సంతకానికి భయపడతాడు, కింద ఊరిని భయపెడతాడు. దీనికి వ్యాపారం అని పేరు.

27 డిసెంబర్

ఆమె పెట్టె తెరిచాను. చీరల అడుగున పాత అర్జీ నకలు. నేను పారేశాననుకున్నది.

అందులో రాసినవి: బస్సు ఏడింటికి కదలాలి. లోపల సరుకు వేయరాదు. ముందు సీటు రోగులకూ, కాన్పుకు పోయే స్త్రీలకూ ఉంచాలి.

ఆ మూడోది ఆమె మాట. నేను రాస్తుంటే వంటింట్లోంచి చెప్పింది — "ముందు సీటు కడుపుతో ఉండేవాళ్లకని రాయండి. వెనక కూర్చుంటే పేగులు నోట్లోకొస్తాయి." నవ్వుకుంటూ రాశాను.

బస్సు దగ్గరికి వెళ్లాను. లోపల అద్దం బిగించిన పర్మిట్టు షరతులు — ఐదేళ్లుగా ఎక్కుతూ దిగుతూ ఒక్కసారీ చదవలేదు. ఏడింటి మాట లేదు. సరుకు మాట లేదు. ముందు సీటు సర్కారు అధికారులకు.

ఎవరు మార్చారని బసప్పను అడిగాను. "దొర అడిగినాడు, సావుకారు ఇచ్చినాడు. మధ్యలో ఊరినెవరు అడుగుతారు అయివారూ?"

ఊరు వేలిముద్రలు వేసింది. దాని పని అంతటితో అయిపోయింది.

28 డిసెంబర్

నరసప్పతో అన్నాను, పర్మిట్టు రద్దు చేయమని అడుగుతానని. అతను ఎద్దు మెడ తోముతున్నాడు. బస్సు వచ్చాక అతనికి బాడుగల్లేవు. సంతోషిస్తాడనుకున్నాను.

"వద్దప్పా. గొడ్డు పొడిచిందని నరుకుతామా? ముకుతాడు వేస్తాము. ఏడుకు పోనీ. మూటలు దించనీ. ఆ సీటు ఆడోళ్లకు ఇయ్యనీ."

"సావుకారు ఆపేస్తానంటున్నాడే."

"ఆపితే ఇంకొకడు నడపడా? వద్దని రాసింది నువ్వే గదా!"

రెండో ఎద్దు మెడ నేను తోమాను.

29 డిసెంబర్

రేపు విచారణ. ఊరివాళ్లను తీసుకుపోవడానికి సావుకారు బస్సు ఉచితంగా పంపుతున్నాడు. బసప్ప వచ్చి చెప్పాడు. "ముందు సీటు మీకే పెట్టినాం అయివారూ. దొర ఎక్కడులే, మీరే."

నాకు!

పోపో అన్నాను. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ వచ్చుంటే చెయ్యి కూడా లేచేది.

పెద్ద అధికారి వింటాడో లేదో... పక్కనే ఆ ఆఫీసరూ కూర్చుని ఉంటాడు. కోపం వచ్చి సావుకారు నిజంగానే ఆపేస్తే, ఇంకొకడు రావడానికి ఎన్ని నెలలో. ఓబులమ్మ నా ఎదురుగానే నిలబడుతుంది. ఆమె మోకాళ్లకు నా దగ్గర సమాధానం లేదు.

రేపు తెల్లవారుజామున నాలుగింటికి నరసప్ప ఎద్దుల్ని కడతాడు. ఈసారి విప్పమనను. దారిలో ఎక్కడో బస్సు మమ్మల్ని దాటిపోతుంది, వెనక ఆమె పేరుతో. ఆ దుమ్ములోనే పోతాను. తాలూకా కచేరీలో ముందు ఆ పేరు గీకేయమంటాను. తరవాత ఇంగ్లీషులో ఉన్న పాత అర్జీ తీసి ఊరందరికీ అర్థమయ్యేలా తెలుగులో చదువుతాను. ఒక్కడికే ఇమ్మని రాసిన వాక్యం తప్పని, ఆ తప్పు నాదని చెబుతాను. ముందు సీటు మాట మాత్రం రెండుసార్లు చదువుతాను.