ఉమ్మడి దూలం కింది సందు

గృహ మరమ్మతుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా ఇంటికి మంజూరైన గాలి సందుల పూడిక పనిని గోడ అవతలి మా అన్న ఇంటికి మార్చమని మనవి.

నాలుగు రోజులుగా ఉత్తరపు గాలి, సన్నటి ముసురు. తడవకముందే గడ్డిమోపులు కొట్టంలోకి ఎత్తి, చేతులు కడుక్కుని ఈ అర్జీ రాస్తున్నాను.

1. తమ సిబ్బంది ఇద్దరు మొన్న వచ్చి మా ఇంట్లోకి గాలి ఎంత చొరబడుతున్నదీ కొలిచారు. కిటికీలన్నీ మూయించి, వీధి తలుపుకు గుడ్డ బిగించి, దానిలో పెద్ద ఫ్యాను పెట్టి లోపలి గాలిని బయటికి తోడారు. పొగ పుల్ల పట్టుకుని గోడల వెంట తిరిగారు. పొగ ఎక్కడ చెదిరితే అక్కడ సందు ఉన్నట్టు. కిటికీల దగ్గర కొంచెమే చెదిరింది. నడిమి గోడ పైన, దూలం కింద, అసలు నిలవలేదు.

"ఇది బయటి గాలి కాదు పెద్దాయనా, పక్కింటిది" అన్నాడు పొగ పుల్ల పట్టుకున్నతను.

2. సదరు గోడ మేము అన్నదమ్ములం వేరుపడినప్పుడు లేచింది. దూలం ఇద్దరిదీ, దానికి ఎవరూ మేకు కొట్టరాదని పెద్దమనుషులు తీర్మానించారు. అందుచేత ఎవరి వైపు గోడ పలకలు వారు దూలానికి బెత్తెడు కిందనే ఆపుకున్నాము. అప్పటినుంచి మాకు మాటలు లేవు.

3. ఫ్యాను తిరుగుతుండగా ఆ సందులోంచి మందు నూనె వాసన, చాలాకాలంగా మంచాన ఉన్న మనిషి వాసన వచ్చాయి. ఆ వెనక మా అన్న గొంతు వచ్చింది.

"ఒరే తమ్ముడూ, అదేంటో ఆపరా. చలి కొరికేస్తోంది."

ఆయన గదిలోని వెచ్చదనాన్ని మా ఇల్లు లాగుతుంటే, ఆయన కిటికీ సందుల్లోంచి చలిగాలి మంచం మీదికి వస్తున్నది. నేను ప్లగ్గు పీకేశాను. "ఇంటి యజమాని పరీక్షకు ఆటంకం కలిగించినాడు" అని తమవారు రాసుకున్నారు. నిజమే. ఆ మాట కొట్టివేయమని అడగను.

4. ఆ సాయంత్రం నుంచి సందు కింద స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను.

"ఎలా ఉంది అన్నయ్యా?"

"ఉన్నానుగా. నీ గురక ఇన్నేళ్ళూ వింటూనే ఉన్నాను కదరా. రంపం మిల్లు నయం."

"ఇన్నేళ్ళూ ఈ గోడకి చెవుల్లేవు, ఇప్పుడు మొలిచాయి!" అని మా ఆవిడ అందుకుంది. అవతల వదిన నవ్వింది. అన్నయ్య నవ్వబోతే దగ్గు తెర వచ్చి, చాలాసేపు ఆగలేదు.

5. ఆయన అర్జీ పెట్టలేదు కనుక జాబితాలో లేడని తమ గుమాస్తా గారు సెలవిచ్చారు. పెట్టడు. ఒకరిని అడిగే మనిషి కాడు. కావున నాకు మంజూరైన రబ్బరు పట్టీలు, సందుల్లో నింపే నురుగు డబ్బాలు ఆయన కిటికీలకు వాడించవలెను. నాకు దుప్పటి చాలు. ఆయనకు ఈ చలి దాటడం కష్టమని వైద్యుడు వదినతో చెప్పాడు. దూలం కింది సందు మాత్రం ఇప్పట్లో పూడ్చవద్దు.

ఇది నియమాలకు సరిపడదని తెలిసే అడుగుతున్నాను. దయతో చిత్తగించవలెను, చలి ముదరకముందే మనుషులను పంపవలెను.

తమ విధేయుడు,
నడిమి గోడకు ఉత్తరం వైపు కాపురస్తుడు

మరొక మనవి: ఇది తపాలాలో వేయకముందే వదిన తమ్ముడు వ్యాను తెచ్చాడు. వాళ్ళ ఇల్లు కొత్తది, వెచ్చగా ఉంటుందట. "మళ్ళీ ఎప్పుడక్కా?" అని మా ఆవిడ అడిగితే, వదిన ఇంటి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. అయినా అర్జీ పంపుతున్నాను. తమవారు ఎప్పుడొచ్చినా ఆ తలుపు నేను తీస్తాను. పరుపుతో సహా నలుగురం మోసి అన్నయ్యను వ్యానులో పడుకోబెట్టాము. గురువారం పొద్దున, పాలు పితికే వేళకు వెళ్ళారు.