గయకు వెళ్లానని చెప్పిన అయిదు రోజులు

అప్పా, బాగున్నావా?

చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది... కొట్టివేయడం లేదు. నువ్వు వెళ్లి నేటికి పదకొండు నెలల తొమ్మిది రోజులు. నీ సంవత్సరీకానికి ఇంకా మూడు వారాలున్నాయి. ఆలోపు నీ తమ్ముడు నీకు ఒక సంగతి చెప్పాలి. ఉదయం నుంచి ఇప్పటికి నాలుగుసార్లు కూర్చున్నాను, నాలుగుసార్లు లేచాను.

ముందు జరిగినవి వరుసగా రాస్తాను. వరుస ఉంటే నాకు కొంత ధైర్యం.

1. నిన్ను మూడో అంతస్తు నుంచి దించడానికి ఆరుగురు కావలసి వచ్చారు. ఆ ఆరుగురిలో నేను లేను. ఒట్టి చేతులతో మెట్లు దిగడమే నాకు కష్టం.

2. శ్మశాన ఘాట్ దగ్గర వ్యాన్ ఆగాక పాడెకు భుజం పట్టాను. ఇరవై మూడు అడుగులు నడిచాను. ఊపిరి అందలేదు. మా రేవులో క్రేన్ నడిపే బిశూదా వచ్చి నా చోట భుజం పెట్టాడు. నేను రోడ్డు వారన కూర్చుండిపోయాను. అక్కవై నన్ను పెంచిన నిన్ను నేను మోసింది ఇరవై మూడు అడుగులు.

3. నలభై రోజులు దాటాక, నీకు పిండం పెట్టడానికి గయ వెళ్తున్నానని మన తెలుగువాళ్ల వీధిలో అందరికీ చెప్పాను. నీ కూతురు లావణ్యకూ అదే చెప్పాను. చిన్న సంచీ సర్దుకొని బయలుదేరాను.

4. నేను గయ వెళ్లలేదు. ఈ ఊళ్లోనే బైపాస్ రోడ్డు మీది ఒక ఆస్పత్రిలో చేరి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. తోడు వచ్చినవాడిగా బిశూదా సంతకం పెట్టాడు.

5. అయిదో రోజున ఇంటికి తిరిగి వచ్చాను.

ఇంతవరకే వరుస. ఆ తరువాతివి అంకెలు వేసినా నిలబడడం లేదు.

నాలుగేళ్ల క్రితం డాక్టరు ఈ ఆపరేషన్ మాట మొదటిసారి ఎత్తినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. గుర్తుందా? బయటికి వచ్చేదాకా ఆగి, మెట్ల మీద అన్నావు. "నీ పొట్ట నాను నింపినాను. దాన్ని కోసీడానికి ఆడెవుడ్రా?" నేను నవ్వాను. నువ్వు నవ్వలేదు. "నా మీద ఒట్టు తవిటీ, నానుండగా కత్తికి ఒప్పుకోకు" అన్నావు. ఒప్పుకోనని మాట ఇచ్చాను.

నువ్వుండగా ఒప్పుకోలేదు. ఆస్పత్రి కాగితాల మీద వేలు పెట్టి చదువుకుంటూ ఈ వాదనే పదే పదే చెప్పుకున్నాను. నిజమైన వాదనేనా అది? లేక నాకు కావలసిన వాదనా?

అబద్ధం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది... ఆగలేదు.

తిరిగి వచ్చిన సాయంత్రమే కింది అంతస్తు పార్వతమ్మ పిన్ని వచ్చింది. గయలో పిండం పెట్టినవాళ్లు పోయినవారి పేర ఒక కాయనో పండునో జన్మంతా మానుకుంటారు కదా, అదే అడిగింది. "గయలో ఏటి వదిలీసినావురా?"

అప్పుడు నా ఆహారం పలుచటి పప్పునీళ్లు, మజ్జిగ, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. అవి కూడా గుక్కెడు గుక్కెడుగా, గంట చూసుకుంటూ. పొట్టను సన్నని సంచీలా మిగిల్చారు. అన్నం మెతుకు తగిలితే ఊరుకోదు. ఏం చెప్పను? "అన్నం" అన్నాను.

"ఓలమ్మో! అన్నమే? అప్పంటే అంత పేణమా నీకు!" అని కళ్లు తుడుచుకొని వెళ్లింది.

మరునాటికి వీధంతా తెలిసింది. నెలలు గడిచేకొద్దీ నేను చిక్కిపోతున్నాను, వాళ్లు నన్ను చూపించి పిల్లలకు చెబుతున్నారు. "తమ్ముడంటే ఇలగుండాల. దిగులుతోటి సగమైపోనాడు." రోజుకొకరు కూర గిన్నె తెచ్చి పెట్టేవారు. నేను మూడు చెంచాలు తిని, తక్కినది డబ్బాలో సర్ది రేవుకు పట్టుకెళ్లి బిశూదాకు ఇచ్చేవాణ్ణి. ఏ గిన్నె ఎవరిదో రాసిపెట్టుకున్నాను, తిరిగి ఇవ్వడంలో పొరపాటు రాకూడదని. ఆ జాగ్రత్త దేనికి పనికొచ్చింది?

ఇక అసలు మాట, అప్పా. నాకు బాగుంది.

ఇది రాయడానికే ఉదయం నుంచి లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. నువ్వు పోయాక నాకు బాగుంది. నూట ముప్పై ఎనిమిది కిలోలవాణ్ణి, మొన్నటికి తొంభై రెండు. షుగరు మాత్రలు నాలుగు వేసుకునేవాణ్ణి, డాక్టరు ఒకటికి తెచ్చాడు. రక్తపోటు మాత్ర సగం. మోకాళ్లు మెట్లెక్కేటప్పుడు కటకటలాడడం మానేశాయి. బూటు తాడు ఒంగి నేనే కట్టుకుంటున్నాను, నువ్వు కట్టేదానివి.

నిద్ర సంగతి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. నా గురక ఆగిపోతే నీకు మెలకువ వచ్చేది. వచ్చి డొక్కలో పొడిచేదానివి. "ఊపిరి తియ్యరా, తియ్యి, నాకు పనున్నాది పొద్దున్న" అనేదానివి. ముక్కుకు తగిలించుకునే ఆ మిషను వచ్చాక కూడా నీకు దాని మీద నమ్మకం లేదు. ఇప్పుడు మిషను అవసరం లేదన్నారు. పరీక్ష చేసే చెప్పారు. ఎవరూ పొడవకుండానే తెల్లారుతోంది.

పని కూడా తిరిగి వచ్చింది. పుస్తకాలు చూసి క్రేన్ కరెంటు పని నేర్చుకున్నవాణ్ణి, బరువు వల్ల నిచ్చెన ఎక్కలేక ఆరేళ్లుగా స్టోరులో కుర్చీకి అంటిపెట్టుకున్నాను కదా. నువ్వు పోయిన ఎనిమిదో నెలలో మళ్లీ ఎక్కాను. మెట్టు మెట్టుకూ ఆగి, లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. పైన గాలి కొట్టింది. నది బడ్జ్ బడ్జ్ వైపు తిరిగేదాకా కనిపించింది. నేను గట్టిగా నవ్వాను, అప్పా. వెంటనే కిందికి చూశాను, ఎవరైనా విన్నారేమోనని. చెల్లెలో అక్కో పోయినవాడు ఎన్నో నెల నుంచి నవ్వవచ్చు? ఎవరిని అడగాలి?

అంతా సుఖమని రాస్తే అది ఇంకో అబద్ధం. మధ్యలో జుట్టు ఊడింది. రెండు చెంచాల పాయసం తాగితే చెమటలు పట్టి గుండె దడదడలాడింది. విటమిన్ మాత్రలు జన్మంతా వేసుకోవాలి. చర్మం వేలాడుతోంది. తినడం ముందు, నీళ్లు తరువాత, రెండూ కలవకూడదు. పప్పు, గుడ్డు, చేప అయ్యాకే తక్కినది. ఇవన్నీ గోడకు అంటించుకున్నాను, బెంగాలీలో. తెలుగులో రాస్తే పిన్ని చదువుతుందని. లావణ్య అడిగితే షుగరు డాక్టరు రాయించాడన్నాను.

ఇప్పుడు లావణ్య సంగతి.

నీ కూతురికి ఇరవై నాలుగు. బరువు నూరు దాటింది. రెండేళ్లుగా షుగరు. నీ ఒళ్లు, నా ఒళ్లు, ఇంట్లో వేరే ఒళ్లు ఎక్కడినుంచి వస్తుంది? ఎనిమిది రోజుల క్రితం, ఉదయం ఆఫీసుకు పోతూ హౌరా లాంచీ ఘాట్ దగ్గర పడిపోయింది. తన ఫోను నుంచి ఎవరో నాకు చేశారు. "దాదా, తాడాతాడి ఆషూన్" అన్నారు. తొందరగా రమ్మన్నారు, ఘాట్ పేరు చెప్పారు, తనకు ఏమైందో చెప్పలేదు. నేను పరుగెత్తాను. నిజంగానే పరుగెత్తాను... ఏడాది క్రితమైతే ఆ దూరం నాకు సాధ్యమయ్యేది కాదు.

ఆస్పత్రిలో షుగరు బాగా పడిపోయిందన్నారు. గ్లూకోజ్ ఎక్కించారు. రెండు నెలలుగా అన్నం ముట్టడం లేదట. ఇంట్లో నాతో, ఆఫీసులో తిన్నానని చెప్పేది. కీరదోస, బిస్కెట్లు, టీ. మాత్రలు మాత్రం మానలేదు.

ఎందుకమ్మా ఇలా చేశావని అడిగాను. మంచం మీద గోడ వైపు తిరిగి చెప్పింది. "నువ్వు అమ్మ పేరు సెప్పి అన్నం వదిలీసినావు, నలభై ఆరు కిలోలు దిగిపోనావు. నాను కూడా వదిలీసినాను మావయ్యా. మూడు కిలోలు కూడా దిగనేదు. అంటే... నాకు అమ్మ మీద అంతేనా పేణం?"

అప్పా, నువ్వుంటే నన్ను కొట్టేదానివి. నేను వరండాలోకి వెళ్లి ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. నర్సు రెండుసార్లు కూర్చోమంది. మూడోసారి లోపలికి వెళ్లి, చొక్కా పైకెత్తి పొట్ట మీది అయిదు మచ్చలు చూపించాను. అంతా చెప్పాను.

లావణ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పప్పు కలుపుకుంటూ తల ఎత్తకుండా అంది. "గయ బైపాస్‌కి ఇవతలా, అవతలా?"

నేను తన కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాను.

"మరి పిండాలు ఏ వార్డులోన పెట్టినావు? నర్సులు ఒప్పుకున్నారా?"

నవ్విందనుకున్నాను. చూస్తే ఏడుస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. కళ్లు తుడుచుకొని అడిగింది, నొప్పి ఎంత, ఎన్నాళ్లు, పెళ్లయ్యాక పిల్లలు పుడతారా, అందరికీ చేస్తారా. తెలిసినవి చెప్పాను, తెలియనివి కాగితం మీద రాశాను డాక్టరును అడగడానికి. పదకొండు ప్రశ్నలయ్యాయి. ఆఖరున ఒక షరతు పెట్టింది. "డాక్టరు దగ్గరికి వస్తాను. ఆపరేషనో కాదో తరవాత సూద్దుం. ముందు వీధిలోన అందరికీ నిజం సెప్పు. నాను నీలాగ దొంగతనంగా ఎల్లను."

ఈ మధ్యాహ్నం చెప్పాను. పిన్ని గుమ్మంలో, సంవత్సరీకం పనులు మాట్లాడుకోవడానికి అందరూ చేరినప్పుడు. ఏడు మాటలు రాసుకొని వెళ్లాను, మొదటిది చదివి కాగితం మడిచేశాను. తక్కినవి లావణ్య చెప్పింది. నీ ఆడపడుచు లేచి నిలబడి "గయ పేరు సెప్పి అబద్దమా! సచ్చిపోయినదాని పేరు సెప్పి!" అంది. చెప్పులేసుకొని వెళ్లిపోయింది. ఆమె అన్నదాంట్లో నేను కాదనగలిగింది ఒక్క ముక్క లేదు. సంవత్సరీకానికి రాదేమో.

పిన్ని మాత్రం ఎటూ కదలలేదు. "అయితే నా కొర్రమీను పులుసు ఎవుడు తిన్నాడ్రా?"

"బిశూదా."

"ఆ బెంగాలీ బాబేనా? చింతపండు పులుసు తిన్నాడా? ఏటన్నాడు?"

"బాగుందన్నాడు, పిన్నీ. ఇంకా కావాలన్నాడు."

నన్ను ఎగాదిగా చూసింది. తరువాత గొంతు తగ్గించి అడిగింది. "నొప్పెట్టిందా, నాయినా?"

పది నెలలకు దగ్గర పడుతోంది, ఈ ప్రశ్న నా కోసమని ఎవరూ అడగలేదు. అడగడానికి నేను చోటివ్వలేదు. నువ్వు కూడా భయపడింది దీనికేనా? కోతకేనా, కోసిన తరువాత నా పక్కన ఎవరూ ఉండరనా? ఆ రోజు మెట్ల మీద నేను నవ్వకుండా ఇంకొక్క మాట అడిగి ఉంటే...

గురువారం డాక్టరు రమ్మన్నారు. ఆపరేషన్ లావణ్యకు తగదని అనవచ్చు. ముందు మాత్రలు, తిండి సరిచేసి ఆరు నెలలు చూద్దామనవచ్చు. సరేనంటే, చేయించుకోవాలో వద్దో తేల్చుకునేది లావణ్య. నేను తొందరపెట్టను, నీ మీద ఒట్టు వేయించను, నా ఒంటిని చూపించి ఊరించను. నీకు పిండం మాత్రం నిజంగా పెడతాను. హౌరాలో గయ రైలెక్కుతాను, తను వస్తానంటే తనతో.

తను ఇప్పుడు నా వెనకే నిలబడి, నా భుజం మీదుగా ఈ అక్షరాలు కూడబలుక్కుంటోంది. తెలుగు చదవడం తనకు కష్టమని నీకు తెలుసు. "ఏటి రాసినావు, సదువు" అంటోంది. మొదటి అంకె నుంచి చదివి వినిపిస్తాను. దాచను.

గురువారం మేమిద్దరం సంచీ పట్టుకొని మెట్లు దిగుతుంటే ఎక్కడికని ఎవరైనా అడుగుతారు. ఆస్పత్రికి అని చెప్తాను, అప్పా.

సాయంత్రం అయిదు గంటల యాభై రెండు నిమిషాలు.
ఇప్పిలి తవిటినాయుడు