నువ్వు వేసిన పైపులు

నాన్నా,

తెనాలిలో నువ్వు పైపులు వేసిన ఇల్లే కొన్నాం. నీ చేతిపని ఉన్న ఇల్లని అమ్మ పట్టుబట్టింది. నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్ననే బాత్రూంలో వేడినీళ్ల కుళాయి తిప్పితే ఎర్రటి బురద కారింది. గోడ కాస్త కొట్టించి చూస్తే లోపలి ఇనప పైపు తుప్పు పట్టి, వేలితో నొక్కగానే పెచ్చులుగా రాలింది.

"ఎవడండీ ఈ పని చేసింది? నాసిరకం పైపు అంటగట్టేశాడు," అన్నాడు ప్లంబరు. అమ్మ పక్కనే నిలబడి ఉంది.

నేను సరాసరి ఇల్లమ్మిన మాస్టారి దగ్గరికి వెళ్లి కేకలేశాను. మోసమని, వినియోగదారుడి హక్కులని, కరపత్రాల్లో చదివినవన్నీ ఏకరువు పెట్టాను. ఆయన తొణకలేదు. "పైపులు తెచ్చిందీ వేసిందీ మీ నాన్నే కదా బాబూ. వెళ్లి ఆయన్నే అడుగు," అన్నారు.

అందుకే అడుగుతున్నాను. నాసిరకమని తెలిసే వేశావా? లేక బోరునీళ్లలోని ఉప్పే పైపుని తినేసిందా?

మిగతా పైపులు ఎలా ఉన్నాయో చూడాలి. ఆ గోడ కొట్టేదాకా రేపల్లెలో పిన్ని దగ్గర ఉండమన్నాను అమ్మని.

"నేను చూడకూడనిది ఏముందిరా అందులో?" అంది. అందరినీ నిజం చెప్పమని నిలదీసే నేను, దుమ్ము పడదని సాకు చెప్పాను.

"నా ముందే కొట్టించు. ఆయనతో కాపురం చేసింది నేను," అంది.

రేపు ప్లంబరు వచ్చేసరికి సుత్తి నా చేతిలో ఉంటుంది. తప్పు నీదే అయితే, అమ్మ ఆ మాట మళ్లీ పరాయివాడి నోట వినకూడదు. నేనే చెబుతాను.