ఇంటి అప్పు తీరిన మర్నాడు

ఏమండీ,

చిట్టికి జ్వరం తగ్గింది. అయినా మధ్యాహ్నం మందు వెయ్యడం మరిచిపోకండి. బ్యాంకువాళ్ళు తిరిగిచ్చిన ఇంటి కాగితాలు బీరువాలో మీ చొక్కాల కింద పెట్టాను. ఇరవై ఏళ్ళ అప్పు తొమ్మిదేళ్ళలో తీర్చేశామని మేనేజరుగారు తెగ మెచ్చుకున్నారు.

నిన్న అట్నుంచటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. "ఇక రెండో బిడ్డ ఆశ పెట్టుకోకమ్మా. నాలుగైదేళ్ళ ముందు రావాల్సింది" అంది. సాయంత్రం మీరు ఎన్నాళ్ళకో ఈల వేసుకుంటూ ఇంట్లో తిరుగుతుంటే చెప్పడానికి నోరు రాలేదు. ముందు అప్పు తీరనీ, తర్వాత చూద్దాం అన్నది మీరే. సరేనన్నది నేను. రెండు డ్యూటీలు చేసి నడుం పోగొట్టుకున్న మనిషిని ఏమనగలను? కానీ నిన్నటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

పని కాగానే వచ్చేస్తాను. ఈలోగా ఫోన్ చెయ్యకండి, కుట్టుమిషన్ల దగ్గర అందరి ముందూ ఏడ్చేస్తాను.

అన్నట్టు, చిట్టి పొద్దున్నే "అప్పు తీరిపోయిందిగా అమ్మా, మరి తమ్ముడెప్పుడొస్తాడు?" అని అడిగింది. నాన్నని అడుగమ్మా అని తప్పించుకున్నాను. మీరు లేవగానే అడుగుతుంది. కసురుకోకండి, కాస్త దగ్గరికి తీసుకోండి.