ఊరి హాల్లో బంతిపూల దండ

కుర్రాబిన్,
విక్టోరియా.

కనకదుర్గక్కకు నమస్కారాలు. ఇక్కడ నేనూ, ఆయనా, రెండో తరగతికొచ్చిన మా అమ్ములూ బాగానే ఉన్నాం. బావగారి మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కొద్దని నేను కోప్పడ్డానని చెప్పు.

మన తెలుగువాళ్లంతా ఉన్న ట్రుగనీనా వదిలి ఆ గోధుమల ఊరికెందుకు పోయారే, అక్కడేముందని అడిగావు. ఏముందీ, నేను పనిచేసే మందుల షాపు, ఒక బడి, ఒక పాత హాలు. హాలంటే వీళ్లకు ప్రాణం. తాతముత్తాతలు గొర్రెల ఉన్ని తీసిన కత్తెరలు, పెళ్లి గౌన్లు, గోడ నిండా ఫోటోలు. ఏటా ఏప్రిల్లో హెరిటేజ్ వీక్ అని చేస్తారు. నన్నూ కమిటీలో వేసుకుంటే మురిసిపోయాను.

అమ్ములు పేరున అర్చన ఎందుకు చేయించమన్నావే అని కూడా అడిగావు. పోయిన రెండు ఉత్తరాల్లో దాటేశాను. ఇప్పుడు చెప్తాను, తిట్టకు.

హాలు అలంకరించమంటే మా పెరటి బంతిపూలు గుచ్చి, పాత ఫోటోలన్నిటికీ దండలు వేశాను. అన్నీ నలుపు తెలుపువి, అందరూ ఎప్పుడో పోయినవాళ్లే అనుకున్నాను. మర్నాడు ఎనభై ఆరేళ్ల జీన్ వచ్చింది. ఆ వరసలో గోధుమల పండగ రాణి కిరీటం పెట్టుకున్న పిల్ల ఆవిడే! పదహారేళ్లప్పటి ఫోటో. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడేమో చప్పట్లు కొట్టి, "నాకా ఈ పూలు!" అని చిన్నపిల్లలా నవ్వింది. తీసేస్తానంటే ఒప్పుకోలేదు. తొమ్మిదో రోజున పోయింది.

ఆవిడ కూతురు ఆలిసన్ ఆ దండను శవపేటికలో అమ్మ గుండెల మీద పెట్టింది. "అమ్మ ఆఖరి సంతోషం నీ చలవే" అంది నాతో. అంతటితో ఆగలేదక్కా. జీన్ గుర్తుగా ఊరి ఆడవాళ్లంతా కలిసి గోడమీది ప్రతి ఫోటోకూ కొత్త దండ వేశారు. ఈ ఏటి బడిపిల్లల ఫోటోకి కూడా. ముందు వరసలో మన అమ్ములు. తీసేశాను. పడిపోయిందనుకుని ఎవరో మళ్లీ వేశారు. మళ్లీ తీశాను, మళ్లీ వేశారు. ఆ వారమే అమ్ములుకు జ్వరం తగిలింది.

నిజం చెబితే ఆలిసన్ మనసు విరిగిపోతుంది. చెప్పకపోతే దండ అక్కడే ఉంటుంది. నిన్న హాల్లో ఆలిసన్‌కు చెప్పేశాను, మాలో ఫోటోకి దండ పోయినవాళ్లకే వేస్తామని.  ఆలిసన్ కుర్చీ ఎక్కి పిల్లల ఫోటోకున్న దండ తీసి, నా పక్కనున్న అమ్ములు మెడలో వేసింది.

"బతికున్నవాళ్లకి ఇలాగేనా?" అని అడిగింది. అవునన్నాను, ఏడుపు ఆగలేదు.

అమ్ములు చప్పట్లు కొట్టి, "మమ్, ఈజ్ దిస్ ఫర్ మీ?" అని నవ్వింది. అచ్చం జీన్ నవ్వినట్టే నవ్విందక్కా.

జ్వరం తగ్గిందిలే. అర్చన మాత్రం మానకు.

ఇట్లు,
నీ పిరికి చెల్లెలు
వీణ