తువ్వాలు కింద ధర

నూజివీడు,
సర్వధారి వైశాఖ బహుళ పంచమి.

చిరంజీవి గోపాలకృష్ణకు నాయనమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ, నీ తమ్ముడు వెంకటరమణా కులాసా. నువ్వూ కులాసా అని రాశావు గానీ దగ్గు తగ్గిందో లేదో రాయలేదు. మిరియాల కషాయం తాగుతున్నదీ లేనిదీ ఒక్క ముక్కలో రాయి.

నువ్వడిగిన వాటికి జవాబులు. చాట్రాయి వైపు మామిడి తోటల్లో కాపు పలచన. మబ్బులు పట్టి పూత రాలింది. దుకాణం కప్పు ఇంకా నేయించలేదు. ఇక వెంకటరమణ ఇంగ్లీషు సంగతి. అది కాస్త పొడుగు.

పుస్తకంలో ఉత్తరాలు కాపీ చేయించవద్దనీ, నిజమైన పని ఒకటి అప్పగిస్తే దానికి కావలసిన ఇంగ్లీషు వాడే వెతుక్కుంటాడనీ, మీ ట్రైనింగు కాలేజీలో చెప్పిన ప్రాజెక్టు పద్ధతి గురించి రాశావు. పని కోసం వెతకనక్కర్లేకపోయింది. మన దగ్గర కాయ కొనే కలకత్తా షావుకారు ఈ ఏడు బేరానికి మనిషిని పంపనన్నాడు. రసాల ధర ఇంగ్లీషులో రాసి పంపితే ఆర్డరు ఇస్తానన్నాడు. మీ నాన్న పోయాక ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నేనే రాస్తున్నాను.  ఈసారి వాడికే అప్పగించాను.

వాడు రాసింది చూస్తే బాగానే ఉంది. కాయ రంగు, తీపి, బుట్టల్లో గడ్డి, రైలు బయల్దేరే రోజు, అన్నీ ఉన్నాయి. ధర లేదు. మళ్లీ రాయించాను. మళ్లీ లేదు.

"ధరేదిరా?"

"ధర పైకి చెప్పేస్తారా ఎవరైనా? తాతయ్య నేర్పిందేంటి నాయనమ్మా? తువ్వాలు కప్పి, చేతిలో చెయ్యి పెట్టి, వేలికో రూపాయి చొప్పున వేళ్లు నొక్కి చెప్పాలి. పక్కవాడికి తెలియకూడదు."

"కలకత్తా దాకా చెయ్యి చాపుతావా?"

 చెమటలు కక్కుతూ చివరికి ధర కూడా రాశాడు. కార్డు మీదే రాశాడు. కవరు దండగని మీ ఇద్దరికీ నేర్పింది నేనే. రైలు టపాకు అందాలని, బాపులపాడు స్టేషనుకు బండి కడుతున్న పెద్దిరాజు చేతికిచ్చాడు. అటు ఎవరు పోతుంటే వాళ్ల చేతికివ్వడం మనకు అలవాటే కదా. ఆ పెద్దిరాజే మనకు కాయ అమ్మే తోట రైతు అన్నది అప్పుడు వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అంకెలు చదవడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

మర్నాడు పెద్దిరాజు నలుగురు తోటవాళ్లను వెంటేసుకొచ్చి దుకాణం అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మగారూ, వంద కాయకి తువ్వాలు కింద మాకు ఏడు వేళ్లు దొరికాయండి. కార్డు మీద పన్నెండున్నాయి. మిగతా అయిదూ ఎవరి చేతివండీ?"

తోటవాళ్లు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"కార్డు డబ్బాలో వేశావా, లేదా?"

"వేశానండి. మీ బేరం చెడగొట్టి నేనేం బావుకుంటాను?"

ఆ అయిదుకీ నా దగ్గర లెక్కుంది. కాని ఇన్నేళ్లలో ఒక్కరికీ ఆ లెక్క చెప్పి ఎరగను.  వెంకటరమణే చెప్పాడు. బుట్టలు, గడ్డి, రైలు కిరాయి, దారిలో కుళ్లేవి, చివరికి మన లాభం. అన్నీ వీధిలోకి వినబడేలా చెప్పాడు.

"లాభం దగ్గర కాస్త ఒళ్లు చేశారండీ బాబుగారూ," అన్నాడు పెద్దిరాజు. "ఇకనుంచి మాకూ ముందే ఓ కార్డు రాసివ్వండి. మాకు తెలుగు చాలు."

వెంకటరమణ వందకు తొమ్మిది రూపాయలని రాసిచ్చాడు. నా వైపు చూడనైనా లేదు. కాదంటే కాయంతా ఎదురు దుకాణానికి పోయేది. ఒప్పుకున్నాను.

నీ పద్ధతి పనిచేసింది గోపాలం. వాడు నేర్చుకున్నాడు. మీ మాస్టర్లకు చెప్పుకో.

ఇక్కడిదాకా రాసి చాలాసేపు కలం పక్కన పెట్టాను. ఆషాఢంలో మీ కాలేజీ తెరిచేనాటికి నీ ఫీజు సగమే పంపగలను. ఆ అయిదులో ఖర్చులు పోగా మిగిలిన దానితోనే నీ చదువు నడుస్తోంది. ఇప్పుడవి మూడే, కాపు చూస్తే పలచన. ఈ వయసులో ఒకరి గడప ఎక్కి అప్పు అడగలేను. చదువు ఆపి వచ్చేయమని రాద్దామని మొన్న కూర్చున్నాను. అదీ రాయలేకపోయాను. అలసిపోయాను నాయనా.

నేను చెప్పకుండానే వెంకటరమణ మీ ప్రిన్సిపాల్ గారికి ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. సగం ఇప్పుడూ, సగం దసరాకూ తీసుకోమని. ఎందుకో కూడా రాశాడు, ఈ ఏడు మా వ్యాపారంలో లాభం తగ్గిందని. మనింట్లో ఆ మాట చుట్టాలతో కూడా అనం. తప్పులు దిద్దుతూ ఆ వాక్యం కొట్టేయబోయాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఉంచు నాయనమ్మా. అది లేకపోతే ఆయనకేం అర్థమవుతుంది?"

ఉంచాను.

రెండు ఉత్తరాలూ ఒకే టపాలో వస్తున్నాయి. ప్రిన్సిపాల్ గారు నిన్ను పిలిచి, ఇది నిజమేనా అని అడుగుతారు. తల వంచుకోకు, గొణగకు. నిజమేనండి అని చెప్పి, ఆయన ఏమన్నారో నాకు రాయి.

ఇట్లు,
నీ మేలు కోరే
నాయనమ్మ.