మందుకు కూడా చలేస్తుందట!

చెల్లెలికి అన్నయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నీ మోకాలు కోస్తున్నారని తెలిసింది. నేనొస్తున్నా. పైకి గట్టిదానిలా మాట్లాడతావు గానీ, ముల్లు తీస్తానంటేనే వీధి చివరిదాకా పరుగెత్తినదానివి. నిన్ను ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి నేనుండాలి. కొండదారి నిండా మంచట. ఉంటే ఉండనీ. జీవితమంతా ఐసు ఫ్యాక్టరీలో చేసినవాడికి చలి గురించి ఎవడూ పాఠాలు చెప్పక్కర్లేదు. ఇక్కడ కూర్చుంటే కాలూ చెయ్యీ ఆడటం లేదు.

ఇట్లు, బయలుదేరబోతున్న నీ అన్నయ్య.

తా.క. నా షుగర్‌కి డాక్టరు సూదిమందు రాశాడు. ఈ మాట నీ కడుపులో పెట్టుకో. నలుగురికీ తెలిస్తే నవ్వుతారు.

అన్నయ్యకు చెల్లెలి నమస్కారాలు.

నువ్వొస్తావంటేనే సగం నొప్పి తగ్గింది. కానీ మా వీధి కాంపౌండరు నీ సంగతి విని తల పట్టుకున్నాడు. బస్సు ఎక్కడైనా ఆగిపోవచ్చట, మందూ సూదులూ రెట్టింపు తెచ్చుకో. చక్కెర బిళ్ళలు, బిస్కెట్లు చేతికందేలా ఉంచుకో. షుగరు పడిపోయి వణుకూ చెమటా వస్తే వెంటనే తిను. పక్క సీటు మనిషికి నీకు షుగరని ముందే చెప్పు. మందు పాడవకుండా చూసుకో.

ఇట్లు, ఎదురుచూస్తున్న నీ చెల్లెలు.

తా.క. కాంపౌండరుకు చెప్పక తప్పలేదు. వాళ్ళావిడకు అతను చెప్పాడు. మిగతా వీధికి ఆవిడ చెప్పింది.

చెల్లెలికి ఆశీస్సులు. ఈసారి కొంచెం తక్కువే పంపుతున్నా.

కడుపులో పెట్టుకోమంటే వీధిలో ఆరేశావు. సరే. మందు పాడవకూడదన్నావుగా? పెట్టెలో ఐసు దిమ్మ వేసి, మందు మధ్యలో పెట్టి, మీద ఉప్పు చల్లి, చుట్టూ రంపపు పొట్టు కూరాను. మా ఫ్యాక్టరీలో పెద్ద చేపలకు కూడా ఇంత మర్యాద జరగలేదు. మందు అప్పుడే రాయిలా బిగిసింది. పక్కవాడికి మాత్రం చెప్పను. నేనేమన్నా తప్పిపోయిన పిల్లాణ్ణా?

ఇట్లు, పని తెలిసిన అన్నయ్య.

తా.క. కోడలు పెట్టె చూసి నోరు తెరిచింది, ఇంకా మూయలేదు. నా పనితనం అలాంటిది.

అన్నయ్యా, నమస్కారాలు తర్వాత!

గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. పారెయ్! అది మందా, చేపా? మందుకు ఎండా పడదు, మంచూ పడదు. కొత్తది కొని చొక్కా లోపలి జేబులో పెట్టుకో, ఒంటి వెచ్చదనం తగలాలి. షుగర్ చూసే మిషను కూడా అక్కడే. చలికి అదీ మొరాయిస్తుందట. ఇలాగైతే నువ్వు అసలు రావద్దు. నాకు మోకాలి కంటే అన్నయ్య ముఖ్యం.

ఇట్లు, కోపంగా ఉన్న నీ చెల్లెలు.

తా.క. రావద్దని నిజంగానే అన్నాను. అలుగుతావా? అలుగు. ఇంట్లో కూర్చుని అలుగు.

చెల్లెలికి అన్నయ్య బస్సులోంచి రాస్తున్నది.

రావద్దన్నావు గనక బయలుదేరాను. కొత్త మందు లోపలి జేబులోనే ఉంది, అరవకు. బిస్కెట్లూ చక్కెర బిళ్ళలూ మాత్రం డిక్కీలో వేసిన పెట్టెలో పెట్టాను. నలుగురి ముందు నములుతూ కూర్చోవడం నాకు చేతకాదు. పొద్దున సూది వేసుకున్నాను. దిగినప్పుడు తిందామనుకుంటే కొండ మలుపులో బస్సు మంచులో కూరుకుపోయింది. డిక్కీ తలుపు బిగుసుకుపోయింది. చేతులు వణికాయి. చలేమో అనుకున్నా. మరి చెమటలెందుకు? కళ్ళు మసకబారాయి. ఇక్కడ పడిపోతే అక్కడ నీ చెయ్యి పట్టుకునేదెవరు? పక్కన సన్నటాయనొకడు పుస్తకం చదువుకుంటున్నాడు. సిగ్గు చంపుకుని, "బాబూ, నాకు షుగరు" అన్నా. చెవిలో చెప్పాననుకున్నా. బస్సంతా వెనక్కి తిరిగింది.

ఆయన తన సంచిలోని చక్కెర నా నోట్లో పోసి, నా జేబులోని మిషనుతో చూసి, తన బిస్కెట్లే తినిపించాడు. ఆ తర్వాత మొదలుపెట్టాడు తిట్లు. "పెద్దాయనా, తిండి డిక్కీలో పెట్టి ప్రాణం సీట్లో పెట్టుకుని కూర్చున్నారా?" అన్నాడు. మా ఫ్యాక్టరీ మేస్త్రీ కూడా నన్నింత అనలేదు. పడ్డాను.

ఇప్పుడు కులాసా. మంచు తవ్వే బండి మాకంటే ముందు మీవైపు వెళుతోందట, ఆ డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నా. నేను ఆలస్యమయ్యానని బెంగపడకు. నేను రాకుండా నీ మోకాలి మీద ఎవడూ చెయ్యి వెయ్యడు.

ఇట్లు, నీ అన్నయ్య.

తా.క. అదెలాగంటావా? నిన్ను కోయాల్సిన డాక్టరు ఈ సన్నటాయనే. నా భుజం మీద పడి గురక పెడుతున్నాడు.